పంతం పట్టిన తుంటి

మా పెదనాన్న చచ్చేదాకా నా తుంటి ఊడకూడదు. ఇరవై ఆరో ఏట నుంచి దేవుణ్ణి నేను కోరిన కోరిక ఇదొక్కటే.

పామర్రు సెంటర్లో లూనా మీంచి పడి తుంటి విరిగినప్పుడు ఆసుపత్రికి వెళ్తానన్నాను. "దీనికి ఆసుపత్రేంట్రా, కట్టు కట్టిస్తే అదే అతుక్కుంటది" అని పెదనాన్న అడ్డం పడ్డాడు. నాన్న వెళ్ళి కట్టు కట్టేవాణ్ణి పిలుచుకొచ్చాడు. నెలల తరబడి మంచంలో పడి ఉన్నాను. ఎముక అతకలేదు సరికదా, తుంటి బంతి లోపలే పుచ్చిపోయింది. చివరికి విజయవాడలో దాన్ని తీసేసి, సిమెంటుతో కొత్త కీలు అతికించారు.

"వయసులో ఉన్నావు, బాగా తిరుగుతావు. పెద్దవాళ్ళకి నిలిచినన్నాళ్ళు నీకు నిలవదు. సిమెంటు పట్టు వదిలితే మళ్ళీ మార్చాలి. కింద కూర్చోకు, బరువులు ఎత్తకు" అన్నారు డాక్టరు గారు. పక్కనే ఉన్న పెదనాన్న ఆ మాటల్ని తిన్నగా గుడివాడ మోసుకెళ్ళాడు. నాకు సంబంధం ఖాయమైంది అక్కడే. "దాచడం నాకు చేతకాదండీ. వాడిది సిమెంటు కాలు, నాలుగు రోజులకి ఊడిపోద్ది. పిల్ల గొంతు కొయ్యకండి" అన్నాడట. మహా ధర్మరాజు! సంబంధం తప్పిపోయింది.

ఆయన కళ్ళ ముందే తిరుగుతానని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. అవనిగడ్డలో పురుగుమందుల కొట్టు పెట్టాను. రోజూ సాయంత్రం మా ఊళ్ళో బస్సు దిగి, దగ్గర దారి వదిలేసి, పనిగట్టుకుని ఆయన అరుగు ముందు నుంచే ఇంటికి నడిచేవాణ్ణి.

"ఏరా, ఇంకా ఊడలేదా?" అని నవ్వేవాడు.

"మీ దీవెన, పెదనాన్నా" అనేవాణ్ణి. ఒళ్ళు మండిపోయేది.

కొన్నేళ్ళకు తొడలో నొప్పి మొదలైంది. బందరులో ఎక్స్‌రే తీసి, సిమెంటు వదులైందనీ, ఇప్పుడే మార్పించుకోకపోతే ఎముక అరిగిపోతుందనీ చెప్పారు. మార్పించుకుంటే పెదనాన్న అరుగు మీద కాలు మీద కాలేసుకుని "నే చెప్పలా?" అంటాడు. ఛీ, ఆ మాట పడటం కంటే చావడం నయం. మాత్రలు మింగి, ఆయన ఇల్లు దాటేదాకా పళ్ళు బిగబట్టి కుంటకుండా నడిచాను.

చివరికి పోయాడు. హమ్మయ్య! నేను పాడెకు భుజం పట్టబోతే ఆయన పెద్దకొడుకు ఆపాడు.

"నువ్వొద్దులేరా, నీ కాలు..."

"నా కాలికేం రోగం?" అని ముందుకెళ్ళాను.

కాలవ గట్టు దగ్గర దింపుడు కళ్ళం. ప్రాణం ఏ మూలైనా ఉందేమోనని పాడె దించి, అయినవాళ్ళు చెవిలో పిలిచే చోటు అది. కొడుకుల తర్వాత నేనూ గొంతుక్కూర్చున్నాను. ఆపరేషనయ్యాక అలా కూర్చోవడం అదే మొదలు. చెవి దగ్గర నోరు పెట్టి, "పెదనాన్నా, ఊడలేదు, చూసుకోండి" అన్నాను.

లేవబోతే లోపల కలుక్కుమంది. కాలు పక్కకు తిరిగిపోయింది. మట్టిలో పడి, నొప్పి ఓర్చుకోలేక భోరున ఏడ్చాను.

"పాపం, పెదనాన్నంటే వీడికి ఎంత ప్రేమో!" అన్నారు ఊళ్ళోవాళ్ళు. ఇప్పటికీ అంటూనే ఉన్నారు.