మైనం ముద్ర వేసిన బియ్యం

ఆ కాలంలో నాకు దేవుని మీద ఎంత నమ్మకం ఉండేదో, నా మీద నాకు అంతకంటే కాస్త ఎక్కువే ఉండేది. తొంభైల నడిమి సంగతి. పెళ్ళయి ఏడాది కాలేదు. మా ఆయనకు పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ. పటాన్‌చెరులో ఒక రేకుల ఇళ్ళ వరుసలో కిరాయికి ఉండేవాళ్ళం. మేము తప్ప ఆ వరుసంతా మోర్మన్లు, అమెరికాలో పుట్టిన ఒక క్రైస్తవ శాఖ వాళ్ళు. ఆదివారం తెల్లచొక్కాల మీద టైలు కట్టుకుని బస్సెక్కి హైదరాబాదులోని వాళ్ళ చర్చి సంఘానికి పోయేవారు. చాయ్ ముట్టరు. ("చాయ్ తాగనోళ్ళను ఎట్ల నమ్మాలె బిడ్డా?" అని ఇంటి ఓనరమ్మ నన్ను అడిగేది. మతాలను తూచడానికి ఆమె దగ్గర అదొక్కటే తక్కెడ.)

గోడ పక్కింటామెను అక్కా అనేదాన్ని. ఆమె ఇంట్లో మంచం ఇటుకల మీద కాదు, నూనె డబ్బాల మీద నిలబడి ఉండేది. డబ్బాల నిండా గోధుమలు. "కరువొచ్చినా, కంపెనీ మూసినా, ఏడాది తిండి ఇంట్ల ఉండాలంటరు చెల్లే మా సంఘంల" అంది అక్క. "అన్నం తినేటోళ్ళకు గోధుమలేంది అక్కా?" అన్నాను. "చెప్పినోళ్ళు అమెరికోళ్ళు. వాళ్ళకేమెర్క మన కడుపు సంగతి" అని నవ్వింది. నేను మా సంఘంలో సండే స్కూలు టీచర్ని. రేపటి గురించి చింతించవద్దన్న బైబిలు మాట పిల్లలకు కంఠస్థం చేయించేదాన్ని. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, కరువుకు ముందు ధాన్యం కొట్లు నింపిన కథా చెప్పేదాన్ని. రెండింటిలో ఏది పాటించాలన్నది ఆ పూట నా మనసును బట్టి ఉండేది. వాళ్ళకే ఇంత ముందుచూపు ఉంటే మనకెంత ఉండాలని, సంగారెడ్డి నుంచి బియ్యం, పప్పు, బెల్లం తెప్పించి డ్రమ్ములు నింపాను. పాస్టరయ్యను పిలిచి ప్రార్థన చేయించాను. ఆపైన కొవ్వొత్తి కరిగించి మూతల చుట్టూ మైనం పోశాను.

అప్పటినుంచి ఇంట్లో బియ్యం అయిపోయినా డ్రమ్ము తెరిచేది లేదు. కిరాణా కొట్లో కిలో చొప్పున కొనేవాళ్ళం. "డ్రమ్ముల నిండ బియ్యం పెట్టుకొని కొట్టు చుట్టు తిరుగుడేందే?" అనేవాడు మా ఆయన. "అవి ఆపదకు అర్పించినవి. అర్పణ ముడతామా?" అనేదాన్ని. "ఆకలైతే ఆపద కాదా?" "షిఫ్టు దిగొచ్చిన ఆకలి ఆపద కాదు." పాపం, బైబిల్లో లేఖనాధారం దొరక్క సంచి పట్టుకుని కొట్టుకు పోయేవాడు.

వానాకాలంలో ఒక ఆదివారం ఉపవాస ప్రార్థన మా ఇంట్లో పడింది. పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగకుండా కూర్చున్న సంఘానికి సాయంత్రం భోజనం నేను పెట్టాలి. కొత్త కోడలిగా నా మొదటి విందు. మా ఆయన డ్యూటీ దిగి వస్తూ బియ్యం తేవాలి. వాన ఆగలేదు. ముత్తంగి దగ్గర రోడ్డు మునిగిందని, బస్సులు నిలిచాయని కబురొచ్చింది. కొట్లన్నీ మూసేశారు. అందరిలోకీ పెద్దావిడ ఒకామె, నేను అమ్మమ్మా అనేదాన్ని, నీరసంతో గోడకు ఒరిగింది. నాకు భయం వేయాలి. నిజం చెప్పాలంటే సంతోషం వేసింది. ఆపద వచ్చేసింది. అందరి ముందూ నిలబడి, ముందుచూపు గురించి చిన్న సాక్ష్యం చెప్పి (చిన్నదే అనుకుంటున్నాను), కత్తితో మైనం గీకి మూత తీశాను. బియ్యం కదులుతోంది. పప్పు డ్రమ్ములో ఇంకా హుషారుగా కదులుతోంది. పాస్టరయ్య తొంగి చూసి మెల్లగా అన్నాడు: "నేను బియ్యానికే ప్రార్థన చేసిన తల్లీ. దీవెన పురుగులకు తాకినట్టున్నది. మస్తు ఫలించినయ్."

సంఘమంతా నవ్వింది. నేను ఏడుపు మొహంతో పక్కింటికి పరిగెత్తాను. అక్క డబ్బాల్లో ఒక్క పురుగు లేదు. "దాచుడంటే మూత పెట్టి మొక్కుడు కాదు చెల్లే. పాతయి తినుకుంట, కొత్తయి పోసుకుంట పోవాలె. ఇన్నొద్దులు అడగకపోతివి?" అంది. వేరే బోధ వాళ్ళను అడగడమేమిటని నేను అడగలేదు. అది ఆమెకూ తెలుసనుకుంటాను. నెల మొదటి ఆదివారం వాళ్ళకూ ఉపవాసమేనట. వానకు హైదరాబాదు పోలేక అందరూ ఇళ్ళలోనే ఉండి, సాయంత్రానికి గంపెడు గోధుమలు నానబెట్టుకున్నారు. మా వాళ్ళకూ కలిపి వరుసలోని కుక్కర్లన్నీ కూతలు మొదలుపెట్టాయి. నా డ్రమ్ముల్లో బెల్లం ఒక్కటే బతికి ఉంది. అది దంచి ఉడికిన గోధుమల్లో కలిపాం.

రెండు సంఘాలూ ఒకే చాప మీద కూర్చున్నాయి. ఇప్పుడు ప్రార్థన ఎవరు చేయాలి? "మీరు చేయండయ్యా" అంటాడు అక్క భర్త. "లేదు బ్రదర్, గోధుమలు మీవి" అంటాడు పాస్టరయ్య. ఇద్దరూ ఎంతో మర్యాదస్తులు. అమ్మమ్మ పళ్ళెం ఒళ్ళోకి లాక్కుంది. "ఎవలన్న ఒకలు ఆమెన్ అనుండ్రి అయ్యా. దేవునికి ఇద్దరూ ఎర్కే. ఇవి చల్లగైతున్నయ్."

ఇద్దరూ ఒకేసారి ఆమెన్ అన్నారు. ఆ పూట తిన్నంత తృప్తిగా మళ్ళీ ఎప్పుడైనా తిన్నానా అంటే చెప్పలేను. అమ్మమ్మ మూడోసారి వడ్డించుకుంటుంటే ఆ కొత్త కోడలు, అప్పటి నేనే, నీళ్ళ చెంబు పట్టుకుని, ఓడిపోయిన సంగతే మరిచిపోయి, చాప చుట్టూ నవ్వుతూ తిరుగుతోంది. ఇప్పుడు నాకు బియ్యం నిలవ చేయడం బాగా వచ్చు. ఆ పిల్లకు అదీ రాదు, ఏదీ రాదు. అయినా అప్పుడప్పుడు ఆమె పక్కన కూర్చుని ఒక పళ్ళెం తినాలనిపిస్తుంది.