జింకు రేకుల గదికి వచ్చిన వైరు

పోయిన వారం రేషన్ కార్డు పనిమీద రాబర్ట్‌సన్‌పేటలో ఒక ఆఫీసుకు పోయాను. సరిగ్గా నా వంతు వచ్చేసరికి కిటికీ అవతలి మనిషి ముందున్న కంప్యూటరు తెర నల్లబడింది. ఆయన మీటలు నొక్కాడు, పక్కన రెండు దెబ్బలు వేశాడు, వెనక వైర్లు పీకి మళ్ళీ పెట్టాడు, చివరికి చేతులు దులుపుకొని "సిస్టం పోయినాదమ్మా, రేపు రాండి" అన్నాడు. వరుసలో ఉన్నవాళ్ళు గొణుక్కుంటూ చెదిరిపోయారు. నేను మాత్రం ఆ బెంచీ మీదే కూర్చుండిపోయాను. నల్లటి తెర చూస్తే నాకు ఇప్పటికీ అరికాళ్ళలో ఒక రకమైన తొందర పుడుతుంది, ఎక్కడికో పరుగెత్తాలనిపిస్తుంది. నేను చదివింది మూడో తరగతి. కంప్యూటరు గురించి నాకు తెలిసింది ఎంత అని అడిగితే చెప్పలేను గాని, ఆ తెర నల్లబడితే ఒక ఇల్లు ఎంత అల్లాడుతుందో బాగా తెలుసు.

మా కోడలు సుగటూరు పిల్ల. పట్టుపురుగులు పెంచే ఇంటినుంచి వచ్చింది. డిప్లొమా చదివి బెంగళూరులో ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనికి కుదిరింది. బంగారు గని మూతపడిన తర్వాత మా ఊళ్ళో సగం మంది బతుకు రైలు మీదే గదా. మా అబ్బాయీ ఆమె కూడా తెల్లవారక ముందే లేచి రైలెక్కేవాళ్ళు, దీపాలు పెట్టాక దిగేవాళ్ళు. పగలంతా ఊళ్ళో మిగిలేది ముసలివాళ్ళమూ, కుక్కలూ, కుక్కర్ విజిళ్ళూ. మనవరాలికి అప్పుడే అడుగులు వస్తున్నాయి. పాలు, స్నానం, నిద్ర అన్నీ నా చేతులమీదే. ఒక ఆదివారం కోడలు ఎత్తుకోబోతే పిల్ల ముఖం తిప్పుకొని నా భుజం మీద వాలి, నన్ను "అమ్మా" అంది. కోడలు నవ్వింది. నవ్వి వంటింట్లోకి పోయి బియ్యం కడగడానికి కూర్చుంది. ఎంతసేపు కడిగిందంటే గింజలు అరిగి నూకలవుతాయేమో అనుకున్నాను.

ఆ మరుసటి రోజే ఆమె తన పై ఆఫీసరును అడిగింది, ఇంటినుంచి పని చేయనిస్తారా అని. ఆయన చెడ్డవాడు కాదు, అలాగని మెత్తనివాడూ కాదు. "వచ్చే సోమవారం మధ్యాహ్నం మీ ఇంట్లోంచే గీసి చూపించు. బొమ్మ తెరమీద తిరగాలి, ఫైలు లైనులో మాకు అందాలి. కుదిరిందా, ఇంట్లోనే ఉండు. లేదంటే రైలే" అన్నాడట. మిషన్లు మాత్రం వాళ్ళు ఇవ్వరు.

పేటలో మూసేస్తున్న ఒక కంప్యూటరు క్లాసులోంచి పాత మిషన్లు రెండు తెచ్చుకుంది. ఒకటి పెద్దది, గీయడానికి. ఒకటి చిన్నది, ఆఫీసువాళ్ళతో మాట్లాడటానికి. ఆ పెద్దదాన్ని స్విచ్చు వేసి, స్నానం చేసి వచ్చినా ఇంకా అది లేస్తూనే ఉండేది. "దీంట్లో ఉండేదంతా తీసేసి లైనక్స్ వేస్తానత్తా. అది ముసలి మిషన్లను కూడా నడిపిస్తాది. దుడ్డు గూడా అడగరు, ఊరికే ఇస్తారు" అంది కోడలు. మంచం మీదనుంచి మా అత్త, మా ఆయన తల్లి, తల తిప్పింది. "ఊరికే ఇచ్చేది కురుడుమలె గుడిలో ప్రసాదం ఒకటే. దానికీ ఎండలో నిలబడాల" అంది. ఆమె చెప్పింది కూడా నిజమే అయింది. ఆ వారమంతా కోడలు నిలబడే ఉంది. లైనక్స్ అయితే ఎక్కింది గాని, తెర మీద బొమ్మలు చూపించే కార్డు పాతది, దాన్ని నడిపించే ప్రోగ్రాము, డ్రైవరంటారట, అది దొరకలేదు. ఇంటి బొమ్మ తిప్పితే గోడ ఇప్పుడొకటి, కాసేపటికి ఒకటి వచ్చేది. రైల్లో ఫోను చూసుకుంటూ, ఎవరెవరినో అడిగి, చివరికి ఒక డ్రైవరు పట్టుకొని చిన్న పుల్లలాంటి డ్రైవులో వేసుకొచ్చింది.

ఇంకో చిక్కు మా ఇల్లే. గనివాళ్ళు కట్టించిన లైను ఇల్లు. ముందు ఒక గది ఇటుకలది. అందులో అత్త మంచం, టీవీ, వచ్చేపోయేవాళ్ళు. వెనక మా ఆయన వేసిన గది జింకు రేకులది, పైన రేకు, చుట్టూ రేకు. ఇంటర్నెట్ పెట్టె ముందు గదిలో తలుపు పక్కన బిగించి పోయారు. వెనక గదిలో గాలికి కూడా దాని జాడ లేదు. మా పక్క బోరు పాయింటు చూసేవాళ్ళు కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకొని తోటంతా తిరుగుతారు చూడండి, కోడలు ఫోను పట్టుకొని అలా తిరిగింది. గుమ్మం దాటగానే సిగ్నల్ గీతలన్నీ మాయం. "జింకు షీటు దాటి రాదత్తా. వైరు లాగాల్సిందే" అంది.

వైరు అనే మాట వినగానే మా ఆయన లేచాడు. గనిలో పంపుల దగ్గర ఎలక్ట్రీషియన్‌కు సహాయంగా పని చేసిన మనిషి. గని మూసినప్పటినుంచి ఆయన చేతులకు తీరిక పట్టదు. ఉత్త మేకునైనా పీకి మళ్ళీ కొడతాడు. కోడలు కొలిచి తెచ్చిన వైరును ఆ సోమవారం పొద్దున ఆయన గోడ పొడుగునా వేలాడదీశాడు. లాగిపెట్టి కాదు. మేకుకూ మేకుకూ మధ్య, ఆరేసిన చీర మధ్యలో జారినట్టు, ఒక్కో వంపు వదిలాడు.

"ఎందుకు మామా ఇంత వదిలేది? బిగించి కొడితే సరిపోతాది గదా" అంది కోడలు.

"భూమి కదిలితే తెగదా అమ్మా?"

"గని మూసి ఎన్నేండ్లాయె. ఇంగ యాడ కదుల్తాది?"

"మూసింది గేటు. ఆ సంగతి భూమికి ఎవురు చెప్పినారు?"

గని లోపల రాయి పగిలి నేల అదిరినప్పుడు అల్మారాలోంచి గిన్నెలు రాలి పడటం చూసిన ఇల్లు మాది. ఈ ఊళ్ళో ఫోటో పటం కూడా కాస్త వదులుగానే వేలాడుతుంది. కాని వంపులకు పోయినంత వైరు పోయింది, చివర మిషన్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి చాచినంత తక్కువ పడింది. రెండు వైర్లను కలిపే బుడిపె ఒకటి దొరుకుతుందని కోడలు చెప్పింది. "తెస్తా" అని ఆయన చొక్కా వేసుకున్నాడు. అప్పుడే, ఎవరినీ అడగకుండా, గనిలో అలవాటైన చేత్తో మెయిన్ స్విచ్చు దించేశాడు. జేబులోంచి తన పాత ఇత్తడి బిళ్ళ తీసి దాని పిడికి తగిలించాడు. వెళ్ళిపోయాడు.

ఆ బిళ్ళ సంగతి చెప్పాలి. గని కింద పని చేసేవాడు కరెంటు ఆపితే తన నంబరు బిళ్ళ స్విచ్చుకు తగిలించిపోతాడు. తగిలించినవాడు తప్ప దాన్ని ఇంకొకరు తీయకూడదు, దొరగారైనా సరే. ఇంటికి కూడా ఆ నియమం ఎలా వచ్చిందో తెలియదు గాని, మా ఇంట్లో ఫ్యాను బాగు చేసినా బిళ్ళ వేలాడాల్సిందే.

వెనక గదిలోంచి కోడలు పరుగెత్తుకొచ్చింది. పెద్ద మిషన్లో ఆ కొత్త డ్రైవరు ఎక్కుతూ ఉందట. పట్టుపురుగుల గదిలోకి పైవాళ్ళను రానివ్వని ఇంట్లో పుట్టిన పిల్ల కదా, పొద్దుటినుంచి మమ్మల్ని ఆ గుమ్మం తొక్కనివ్వలేదు. "మేత మేస్తా ఉండాది, కదపొద్దు" అనేది. మేత సగంలో ఉండగా కరెంటు పోయింది. ఆమె చెయ్యి స్విచ్చు మీదికి పోయింది. మా అత్త మంచం దిగి, ముక్కాలి పీట లాక్కుని, స్విచ్చు కింద కూర్చుంది.

"అవ్వా, ఆ వైరులో షాకు కూడా ఉండదు. మామ లైను మీద లేడు, పేటలో ఉండాడు."

"యాడుంటే నీకేమి? బిళ్ళ ఈడ ఉండాదా లేదా?"

"మధ్యాహ్నం ఆఫీసు వాళ్ళకు చూపించాల అవ్వా. ఈ దినం తప్పితే నాకు మళ్ళీ రైలే."

"నా తమ్ముడు గనిలో పంపు లోపల చెయ్యి పెట్టుండినప్పుడు గూడా ఒకడు, ఇంగ ఎవురూ లేరులే అనే స్విచ్చు వేసినాడు" అంది అత్త. గొంతు పెంచలేదు. కోడలు చెయ్యి వెనక్కి తీసుకుంది.

నేను ఆయనకు ఫోన్ చేశాను. ఫోను టీవీ మీదే మోగింది. ఇక ఎవరికీ కూర్చోబుద్ధి కాలేదు. కోడలు గుమ్మం దగ్గరికి పోవడం, గడియారం చూడటం, గోళ్ళు కొరకడం. పిల్ల నా కొంగు పట్టుకొని తిరగడం. పీట మీద అత్త ఒక్కతే రాయిలా. చివరికి పిల్లను కోడలి చేతిలో పెట్టాను. అది కెవ్వుమంది. "బేగ రాండత్తా" అంది కోడలు, ఆ ఏడుపుపైనుంచి. సందు చివర ఆటో ఎక్కేవరకూ ఆ ఏడుపు నా వెంటే వచ్చింది.

పేటలో ఆయన ఒక కొట్టు దగ్గర దొరికాడు. తనతో పని చేసిన మనిషిదే ఆ కొట్టు. ఇద్దరూ చెరో గ్లాసు పట్టుకొని, వైరుకు వంపు ఎంత ఉండాలని వాదించుకుంటున్నారు.

"ఏమయ్యా, కోడలు ఆడ ప్రాణం బిగబట్టుకోనుండాది. నువ్వు ఈడ టీ తాగతా ఉండావు."

"మెయిన్ ఎవురూ ముట్టలేదు గదా?"

"మీ అమ్మ కాపలా కూర్చోనుండాది."

"అట్లయితే భయం లేదు."

"భయమంతా ఆమెతోనే అయ్యా. లే."

ఇల్లు చేరాక ఆయనే బిళ్ళ తీశాడు, ఆయనే స్విచ్చు ఎత్తాడు. ఫ్యాన్లు తిరిగాయి. చిన్న మిషను లేచింది. పెద్దదాని లోపల గాలి తిరిగే చప్పుడు వచ్చింది గాని తెర నల్లగానే ఉంది. మూలన ఒక తెల్లటి గీత మాత్రం రెప్ప కొట్టినట్టు కొట్టుకుంటోంది. కోడలు కుర్చీలో కూలబడింది. "సగంలో ఆగిపోయినాది. ఇంగ ఏం నొక్కినా పలకదు." అప్పుడు గాని మా ఆయనకు తాను దేన్ని ఆపాడో అర్థం కాలేదు. గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆఫీసువాళ్ళు పిలిచే వేళ అవుతోంది.

అక్కడినుంచే అడిగాడు, "అమ్మా, లోపల పూరా సచ్చిపోయినాదా? తెర ఒకటే పోయినాదా?"

"తెలీదు మామా."

"తట్టి చూడు మరి. దారి మూసుకుపోతే మేము గొట్టం మీద సుత్తితో తట్టి చెవి పెడతా ఉంటిమి. లోపలోడికి ప్రాణముంటే తిరిగి తడతాడు."

కోడలు ఆ బుడిపె అందుకొని వైరు కలిపింది. వైరును రెండుగా చీల్చే పెట్టె ఒకటి బల్లమీద పెట్టుకుంది, దాంతో రెండు మిషన్లూ ఒకే లైనులోకి వచ్చాయి. చిన్నదాంట్లోంచి పెద్దదాన్ని పిలవడానికి ఒక మాట ఉందట, అది కొట్టింది. ఏమీ రాలేదు. మా ఆయన వంగి, బుడిపెలో వైరును టక్కుమనేదాకా నొక్కాడు. మళ్ళీ కొట్టింది. చిన్న తెరమీద ఒక వరుస పడింది, దాని కింద ఇంకొకటి, ఆగకుండా ఇంకొకటి.

"పలికినాది మామా" అంది.

ఆయన నేలమీద కూర్చున్నాడు. ముందు గదిలోంచి అత్త "ఎవురు?" అని అడిగింది. "లోపలోడు అమ్మా" అన్నాడు.

పెద్దదాని తెర చీకటిగానే ఉండగా, కోడలు చిన్నదాంట్లో కూర్చొని ఆ వైరుగుండా దాని లోపలికి పోయింది. సగం ఎక్కిన డ్రైవరును తీసేసింది, లైనక్స్‌తో పాటు వచ్చిన పాతదాన్నే తిరిగి పెట్టింది. ఆ కాసేపూ పిల్ల నా చంకలో ఉంది. నేను గదికీ వాకిలికీ తిరుగుతూనే ఉన్నాను. తెర తెల్లవారింది. ఎవరమూ చప్పట్లు కొట్టలేదు, ఎందుకంటే అప్పుడే ఆఫీసు పిలుపు వచ్చింది.

తిప్పితే ఇల్లు తిరిగింది గాని, నెలలు నిండిన మనిషి మెట్లు దిగినట్టు తిరిగింది. ఆఫీసరు కాసేపు చూసి, ఎందుకింత నిదానం అని అడిగాడు. "పాత మిషన్ సార్. నిదానంగా వస్తుంది. గీత మాత్రం తప్పు రాదు" అంది కోడలు. ఫైలు పంపింది. మా ఆయన వైరు వంపులనే చూస్తున్నాడు. "వచ్చింది. సరే, ఒక నెల చూద్దాం" అన్నాడు ఆఫీసరు. ఆ నెల మరో నెలయింది. ఒక ఆదివారం అందరికీ మెయిన్ జోలికి రావద్దని చెప్పి, ఆ డ్రైవరును కూడా నిండుగా ఎక్కించింది. తర్వాత రైలు టైమును మా అబ్బాయి ఒక్కడి కోసమే అడగడం మొదలుపెట్టాం.

కాని తల్లి ఇంట్లో ఉన్నంత మాత్రాన పిల్ల వెంటనే ఆమెదైపోలేదు. ఆమె ముఖం తెరవైపు, వీపు మావైపు. పిల్ల గుమ్మం దాకా పోయి చూసి, మళ్ళీ నా దగ్గరికే వచ్చేది. కోడలు పని మధ్యలో లేచివచ్చి ఒక ముద్ద పెట్టేది, ఒక మాట చెప్పేది, పోయేది. రాగులు కోతకు వచ్చే రోజులు. పిల్ల వాకిట్లో పరుగెత్తుతూ బోర్లా పడింది, మోకాలు చీరుకుపోయింది. నేను ఎప్పటిలాగే చేతులు చాచాను. పిల్ల లేచింది, నా కొంగు తగిలేంత దగ్గరగా నన్ను దాటి, వెనక గదిలోకి "అమ్మా" అని ఏడుస్తూ పోయింది. లోపల కుర్చీ కదిలిన చప్పుడయింది. చాచిన చేతులను ఏం చేయాలో తెలియక తీగమీద ఆరిన బట్టలు తీశాను. రోజులు పరుగెడతాయని అందరూ అంటారు గాని, అవి పరుగెత్తడం కళ్ళారా నేను చూసింది ఆ ఒక్కసారే. నా రెండు చేతుల పక్కనుంచే పోయాయి.