చెట్టు మీది జవాబు

సూది వేయించాల్సిన తేదీకి ఇంకా ఇరవై తొమ్మిది రోజులున్నాయి. ఆ లోపల ఒక మాట తేల్చుకుని రమ్మన్నారు హైదరాబాదు డాక్టరు. మా బాపుకు సూదులు ఆపకుండా కొనసాగించాలా, కొంతకాలం ఆపి చూడాలా అన్నది.

బాపుకు ప్రొస్టేటు క్యాన్సర్. రేడియేషన్ అయిపోయిన రెండేళ్లకు రక్తపరీక్షలో పీఎస్ఏ అనే అంకె మళ్లీ పెరిగింది. ఎముకల్లోకి ఏమీ పాకలేదు. మూడు నెలలకొక సూది మొదలుపెట్టారు. అది ఒంట్లోని మగ హార్మోన్‌ను అణిచేస్తుంది. ఆ హార్మోన్ లేకపోతే క్యాన్సర్‌కు తిండి ఉండదు. ఏడాది తిరిగేసరికి అంకె కిందికి పడి అక్కడే ఉండిపోయింది. బాపు కూడా కొంత పడిపోయాడు. నలభై ఏళ్లు తాటిచెట్లెక్కిన భుజాలు చొక్కాలో వదులయ్యాయి. మాఘమాసపు చలిలో స్వెటర్ విప్పేసి, తడి తువ్వాల మెడకు చుట్టుకుని గడప దగ్గర కూర్చునేవాడు.

"అంకె తగ్గి ఉన్నప్పుడు ఆపి, పెరిగితే మళ్లీ మొదలుపెట్టే పద్ధతి ఒకటుంది. మీ నాన్నగారి విషయంలో రెండూ తప్పు కాదు. చదువుకున్నవాడివి, చదివి రా" అన్నారు డాక్టరు. ఆ చివరి మాట నన్ను పట్టుకుంది.

సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతకడం నా ఉద్యోగం. వారంలో మూడు రోజులు సిద్దిపేటలో ఇంటి నుంచే చేస్తాను. ఏ ప్రశ్న వచ్చినా ముందు ఒక షీటు తెరుస్తాను. దీనికీ తెరిచాను. పరిశోధన ఎవరి మీద చేశారు, రోగం ఎంత దూరం పోయినవాళ్లు, ఎన్నాళ్లు గమనించారు, ఎవరు మధ్యలో తప్పుకున్నారు, ఖర్చు ఎవరు పెట్టారు. ఇలా తొమ్మిది గడులు. మధ్యాహ్నాలు ఆఫీసు పని అయిపోయాక ఆ వ్యాసాలు చదువుతూ కూర్చునేవాడిని. ఫ్యాను తిరిగేది. వంటింట్లో అమ్మ బియ్యం చెరిగే చప్పుడు ఒకే తీరుగా వస్తుండేది. నాలుగో పేజీ దాటేసరికి అక్షరాలు మసకబారి, ఆ పరిశోధనల్లోని మనుషులే కళ్ల ముందుకొచ్చేవాళ్లు.

వాళ్లు రెండు వరుసల్లో కోమటి చెరువు కట్ట మీద నడుస్తున్నట్టు ఉండేది. ఎవరు ఏ వరుసో చీటీ వేసి తేల్చారు. ఒక వరుసకు ఆపకుండా సూది. ఇంకో వరుసకు కొన్నాళ్లు సూది, కొన్నాళ్లు విరామం. అందరూ ముసలివాళ్లే, పొడుగ్గా, పరాయి దేశపు కోట్లలో. నీళ్ల మీది పొగమంచు వాళ్ల మోకాళ్ల దాకా ఉండేది. నడుస్తూ నడుస్తూ కొందరు మంచులో కలిసిపోయేవాళ్లు. ఏ వరుసలో ఎక్కువమంది కలిసిపోతున్నారో లెక్కపెట్టబోతే రెండు వరుసలూ దాదాపు ఒకే తీరుగా పలుచబడేవి. ఆ వరుసల్లో బాపు కోసం వెతికేవాడిని. అరికాళ్లకు, ఛాతీకి చెట్టు బెరడు ఒరుసుకుని కాయలు కాసిన మనిషి ఒక్కడూ కనిపించేవాడు కాదు. అంతలో అమ్మ చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేది.

మెలకువలో చదివితే తేలింది ఇది. బతికే కాలంలో పెద్ద తేడా కనిపించలేదని చాలామంది రాశారు. కానీ ఆ మాట రెండు రకాలు. తగినంతమందిని చూసి, తేడా ఉన్నా ఇంతకు మించదని చెప్పగలిగిన వాళ్లు కొందరు. చూసింది చాలక తేడా దొరకనివాళ్లు కొందరు. రోగం ఎముకలకు పాకినవాళ్ల విషయంలో విరామం మీద అనుమానం మిగిలే ఉంది. బాపులాంటి వాళ్ల విషయంలో ధైర్యం కొంచెం ఎక్కువ. విరామంలో సూది తెచ్చే ఒంటి సెగలు, నీరసం తగ్గుతాయి. అయితే నేను ఆశపడినంత కాదు. అణిగిన హార్మోన్ నెలల తరబడి మెల్లగా తిరిగొస్తుంది, వయసు పైబడితే పూర్తిగా రాకపోనూ వచ్చు.

కాబట్టి త్రాసు ఎటు మొగ్గాలన్నది ఒకదాని మీద ఆధారపడింది. సూది వల్ల బాపు పడే బాధ ఎంత? దానికి పదో గడి కలిపాను. రోజూ పొద్దున చాయ్ తాగేటప్పుడు అడిగేవాడిని. సున్నా అంటే బాధే లేదు, పది అంటే ఓర్వలేనంత.

మొదటి రోజు "నాలుగు" అన్నాడు బాపు. తెల్లారి నుంచి "మూడు" అనేవాడు.

మరుసటి రోజూ మూడే. ఇరవై రోజులు మూడే. ఆ ఒక్క నాలుగు తప్ప గడి మొత్తం ఒకే అంకెతో నున్నగా ఉండేది. మూడు కోసం విరామం తీసుకుని, మిగిలిన ఆ కొంచెం అనుమానాన్ని నెత్తిన పెట్టుకోవడం దండగ అనిపించింది. సూది కొనసాగిద్దాం అని షీటు అడుగున రాసుకున్నాను. తడి తువ్వాల నా ఎదురుగానే ఉంది. దానికి షీటులో గడి లేదు.

ఆ ఆదివారం తెల్లవారకముందే బాపు నన్ను లేపాడు. "వనం దిక్కు పోదాం పా. శానొద్దులైంది."

బండి మీద ఊరు దాటేసరికి తూర్పు తెలుపెక్కుతోంది. తాటివనంలో పొగమంచు. చెట్ల మొదళ్లు కనిపించడం లేదు, తలలు మాత్రం గాలిలో తేలుతున్నాయి. ఎక్కడో పైన కత్తి గీస్తున్న చప్పుడు. బాపు దగ్గర చెట్టెక్కడం నేర్చుకున్న మనిషి, నేను కాక అని పిలుస్తాను, మోకు నడుముకు వేసుకుని చెట్టు మీదున్నాడు.

"ఎట్లుందిరా?" అని కింది నుంచి అడిగాడు బాపు.

"మంచిగుందన్నా."

కాసేపటికి కాక కల్లు లొట్టితో దిగాడు. ఎడమ అరచేయి తెగి మణికట్టు దాకా నెత్తురు కారుతోంది.

"గింత కోసుకొని మంచిగుంది అంటివేంది కాకా?" అన్నాను.

కాక నవ్వాడు. "చెట్టు మీదికెళ్లి బాగలేదని ఎవడన్న చెప్తడా బిడ్డా? చెప్తే కిందున్నోళ్లేం జేస్తరు, మొత్తుకుంటరు. గా మొత్తుకునుడుకు పైనోని కాలు జారుతది. ఏమున్నా దిగినంకనే చెప్పాలె. మీ బాపు నేర్పిన తీరే గిది. ఓపాలి మోకు జారి చాతి మొత్తం గీరుకపోయింది ఈనకు. అయినా పైకెళ్లి మంచిగనే ఉన్న అని ఒర్రిండు."

బాపు ఈత చెట్ల దిక్కు చూస్తూ నిలబడ్డాడు. నా లోపల ఇరవై రోజుల మూడ్లు వరుసగా ఒక్కొక్కటే రాలుతున్నాయి.

"బాపూ, పొద్దుగాల నువ్వు చెప్పే మూడు..."

"ఏ మూడు?"

"దినాం చెప్తవు చూడు."

బాపు తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. "ఫస్టు రోజు నాలుగన్న. నీ మొఖం చిన్నగైంది. తెల్లారి మూడన్న."

"అసలెంత?"

లొట్టిలో నురగ చిటపటలాడడం వినిపిస్తోంది.

"ఎనిమిదుంటది" అన్నాడు. "కొన్నొద్దులు పది. లోపలికెళ్లి సెగ లేస్తే నిప్పుల మీద నిలవడ్డట్టుంటది. అది కూడ ఓర్సుకుంట. కానీ మీ అమ్మ చెయ్యి పట్టుకుంటె ఇంకెవలో పట్టుకున్నట్టుంటది బిడ్డా. నేను నేనైతలేను."

కాక చేయి కడుక్కోవడానికి బోరు దిక్కు పోయాడు. నీళ్లకంటే మా ఇద్దరినీ వదిలేయడానికే పోయాడనుకుంటాను.

"ఇంతకు నీ కాగితాలేమంటున్నయ్?" అన్నాడు బాపు.

రెండు వరుసల సంగతి చెప్పాను. ఎముకలకు పాకినవాళ్లు వేరు, పాకనివాళ్లు వేరు అని చెప్పాను. బాపు విని, ముందు తాటిచెట్టు చూపించాడు.

"గీ చెట్టును పొద్దుమాపు గీయాలె. రెండొద్దులు ఇడిస్తే గెల ఎండుతది, కల్లు బందైతది." తర్వాత గట్టున ఉన్న ఈతచెట్టు చూపించాడు. "గా ఈత అట్ల కాదు. దినాం గీస్తే చెట్టే సస్తది. రెండుమూడొద్దులు గీసి ఇడిసిపెట్టాలె. గాయం ఆరినంక మళ్ల గీయాలె. మరి నేను తాడిచెట్టునా, ఈతచెట్టునా? గది చెప్తయా నీ కాగితాలు?"

"మనిషి చెట్టు కాదు గద బాపూ."

"కాగితంల ఉన్నోడు కూడ నేను కాదు గద."

తిరిగొస్తున్న కాక, "అన్న మస్తు డాక్టరైండు. మాకు కూడ ఒక చీటీ రాయరాదే" అన్నాడు.

"ఎముకలకు పోలేదు కాబట్టి ఈత లెక్కనే అనుకోవచ్చు. అనుకోవచ్చు అంటున్న, ఖాయం కాదు" అన్నాను.

"ఖాయమని ఎవడన్నడు? ఇడిసిన ఈత కాడికి పోవుడు బంద్ చేస్తమా? దినాం పోయి చూస్తనే ఉంటం" అన్నాడు బాపు.

ఎండ మంచులోంచి కిందికి దిగింది. చెట్ల మొదళ్లు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

ఇంటికొచ్చి పదో గడిలోని అంకెలన్నీ అడ్డంగా కొట్టేశాను. తీసేయలేదు. తప్పు సమాచారం ఎలా వచ్చిందో కనిపించేలా ఉంచడం మా పనిలో అలవాటు. పరిశోధనల్లోని ఆ పెద్దమనుషులు కూడా కాగితాలు నింపేటప్పుడు తమ తమ చెట్ల మీద నుంచే చెప్పారేమో. అది ఏ వ్యాసంలోనూ లేదు. ఉండే దారీ లేదు.

డాక్టరు విన్నారు. ఆపుదాం, కానీ మూడు నెలలకొక రక్తపరీక్ష ఒక్కటి కూడా తప్పొద్దు, అంకె ఇంత దాటితే మళ్లీ సూది అన్నారు. ఆ గీతను బాపు చేతనే షీటులో ఎర్రరంగుతో పెట్టించాను. సూది తేదీ వచ్చింది. ఆ పొద్దున మేమిద్దరం చెరువు కట్ట మీద నడిచి, బఠానీలు తిని ఇంటికొచ్చాం. ఏమీ జరగని రోజు అంత పొడుగ్గా ఉంటుందని నాకు తెలియదు.

బాపు చెప్పే అంకెలు వెంటనే తగ్గలేదు. ఎనిమిది, ఎనిమిది, తొమ్మిది. వేసవి నడుమకొచ్చేసరికి ఏడు. ఒకరోజు తువ్వాల పొడిగా భుజం మీదుంది. ఇంకో రోజు అమ్మ గోరింటాకు పెట్టుకుని చేతులు చాపి కూర్చుంటే, బాపు ఆమెకు అన్నం కలిపి పెడుతూ కనిపించాడు. ఆ రోజు నేను అంకె అడగలేదు.

మొదటి రక్తపరీక్ష కాగితం జ్యేష్ఠంలో వచ్చింది. పీఎస్ఏ కొంచెం కదిలింది, గీతకు చాలా కింద ఉంది. దవాఖాన బయట వేపచెట్టు నీడలో ఇద్దరం నిలబడ్డాం. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ బాపు నా దిక్కు చూశాడు.

"దినాం నన్నే అడుగుతవ్. నీ భయమెంత?"

"మూడు" అన్నాను.

బాపు నవ్వాడు. "దిగినంక చెప్పు" అన్నాడు.

బస్టాండు దిక్కు నడిచాం. ఆటోల వాళ్లు కేకలేస్తున్నారు. కొబ్బరిబొండాల బండి దాటాక చెప్పాను, ఎనిమిది అని. బాపు తలూపి, రోడ్డు దాటేదాకా నా భుజం మీది చెయ్యి తీయలేదు.