నాలుగు ఎండుద్రాక్షలు, ఒక మగ్గం గుంట

ఎమ్మిగనూరులో మా మామ ఒకసారి పెట్టిన కేక ఆదోని దాకా వినిపించిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. అతిశయోక్తేలెండి, మూడు వీధులు దాటి ఉండదు. కానీ ఆ కేకకు కారణం నేనే. చెబుతాను, కడుపారా నవ్వుకోండి. నా పరువు ఆనాడే పోయింది, ఇప్పుడు కొత్తగా పోయేదేమీ లేదు.

యాభైల నాటి మాట. ఆదోని పిల్లనై ఎమ్మిగనూరు నేతగాళ్ల ఇంటికి కోడలిగా వచ్చాను. అప్పటికి మా కొడుకు ఈరన్నకు మూడేళ్లు. పుట్టింటి గొప్ప చూపించాలని వాడికి పూటపూటా తెల్లన్నం, నెయ్యి, బన్ను. జొన్నరొట్టె తాకనిస్తే ఒట్టు! ఇంకేముంది, నాలుగు రోజులుగా బిడ్డకు దొడ్డికి లేదు. వాడు ముక్కితే ఇల్లంతా ఊపిరి బిగబట్టేది. వాడి ఏడుపు చూసి నాకూ ఏడుపొచ్చేది.

"మందూ మాకూ ఏం వద్దమ్మీ," అంది మా అత్త. "నానేసిన ఎండుద్రాక్ష నాలుగు పొద్దున్నే పెట్టు. జొన్నరొట్టె, ఆకుకూర పప్పు పెట్టు. నీళ్లు బాగా తాపు. రెండు మూడు దినాలకు దావకొస్తాది."

"రెండు మూడు దినాలా అత్తా!"

"మగ్గం మీద చీర ఒక్క దినంలో దిగుతాదా?"

నాకు ఆగే గుణమే ఉంటే ఈ కథే లేదు. మరునాడు పొద్దున నాలుగు కాదు, గుప్పెడు ద్రాక్ష పెట్టాను. కదల్లేదు. రెండు జామపండ్లు. ఊహూ! అంబలి, మజ్జిగ, చెంబుడు నీళ్లు, పప్పులో ముంచిన రొట్టె. వాడు "ఇంగా పెట్టు మా" అని నోరు తెరవడం, నేను మురిసిపోయి పెట్టడం. అందని ద్రాక్ష పుల్లన అంటారు గానీ, అందిన ద్రాక్ష ఏం చేస్తుందో పెద్దలెవరూ చెప్పిపోలేదు.

మాది గుంట మగ్గం. నేసే మనిషి గట్టు మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి వదిలి కింది చెక్కలు తొక్కాలి. ఆ మధ్యాహ్నం మగ్గం మీద పెళ్లిచీర ఉంది, మర్నాడే పెళ్లివారు వచ్చి పట్టుకుపోవాలి. మామ అన్నానికి లేచాడు. నేను ఈరన్నను మగ్గం దగ్గరే వదిలి వడ్డించడానికి పోయాను. మామ తృప్తిగా తిని, త్రేన్చి, తిరిగొచ్చి గట్టున కూర్చుని కాళ్లు కిందికి వదిలాడు.

"ఎవురప్పా గుంటలో సంగటి పోసిండేది!"

మూలన నిలబడిన ఈరన్న, నాలుగు రోజుల బరువు దిగిన ముఖంతో నవ్వాడు. "నేనే తాతా! గుంట బాగుండాది."

నా ప్రాణం చీర మీదికి పోయింది. దేవుడి దయ, దాని మీద చుక్క పడలేదు. ఉన్నదంతా మామ పాదాల కిందే. అత్త పరుగున వచ్చింది. చీర ఏమైందని గద్దిస్తుందని నేను అనుకుంటే, ఆమె చీర వైపు చూడనైనా లేదు.

"గట్టిగుందా, మెత్తగుందా?" అని మామను అడిగింది.

మామ ఒక కాలు పైకెత్తి చూసుకున్నాడు. "మెత్తగే ఉండాదిలేవే, వెన్న మాదిరి."

"హమ్మయ్య! పిల్లోని కడుపు కుదిరింది పో!"

ముందు అత్త నవ్వింది, తర్వాత మామ. ఏడవాలో నవ్వాలో తెలియక నేను రెండూ చేశాను.

బావి దగ్గర మామ కాళ్ల మీద ఏడు బిందెల నీళ్లు పోస్తూ, ఆ పాదాల సాక్షిగా ప్రమాణం చేశాను: నా బతుకులో ఇక ఏ బిడ్డకైనా ద్రాక్ష నాలుగంటే నాలుగే. ఐదోది పెట్టిన రోజున, గుంటలో ముందు కాళ్లు పెట్టేది నేనే!