నడక నేర్వని బూట్లు

మా వంశంలో మగవాళ్ళు నడవడం నాతోనే మొదలైంది. తాత మేనాలో తిరిగాడు, నాయిన గుర్రబ్బండిలో. నా వంతు వచ్చేసరికి మేనా పొయ్యిలోకి పోయింది, గుర్రం అంతకుముందే పోయింది. మిగిలినవి దొరలుగా మేమేలిన కూలుతున్న గడి, వంగని నడుము. రెండోదాన్ని ఇప్పటికీ భద్రంగా ఉంచుకున్నాను.

అరవైతొమ్మిది ఉద్యమంలో ఒక ఏడాది చదువు పోగొట్టుకుని జనగామ కాలేజీలో చేరాక ఎన్‌సీసీలో పేరిచ్చాను. అమ్మకు ఒకటే ఆశ.

"నువ్వు మిలిటరీల ఆఫీసరైతే మనింటికి మళ్ల సలాములొస్తయి బిడ్డా."

పెద్దవంగర దగ్గర వేసిన క్యాంపులో చివరి పరీక్ష రూట్‌మార్చ్. వీపున మూట, భుజాన రైఫిలు, పొద్దున బయలుదేరితే పొద్దుగూకేదాకా నడక. పూర్తిచేసినవాళ్ళనే ఆఫీసర్ల ఎంపికకు పంపుతారు. వెనకాలే ఒక లారీ నింపాదిగా వస్తుంది. అది ఎక్కినవాడు ఇంటికే.

సర్కారు ఇచ్చిన బూట్లు నేను తొడగలేదు. అవి ఎవరో తొడిగి విడిచినవి. ఒకరు విడిచిన కంచం ముట్టని ఇంట్లో పుట్టి, ఒకరు విడిచిన బూట్లో కాలెలా పెడతాను? తాత బూట్లు వేసుకున్నాను. హైదరాబాదులో కుట్టించినవి. ఇన్నేళ్ళయినా అడుగు అరగలేదంటే నాణ్యత అనుకున్నాను. తాత వాటితో మేనా ఎక్కేవాడు, దిగేవాడు. అంతకుమించి వాటికి పని పడలేదు.

మాకు డ్రిల్లు నేర్పే ఉస్తాద్, హైదరాబాదీ హవల్దారు, వాటిని ఎగాదిగా చూశాడు.

"క్యా నవాబ్ సాబ్, ఎవరివి?"

"మా తాతవి."

"అచ్ఛా. నడిచేది తాతనా, నువ్వా?"

మొరం రోడ్డెక్కిన కాసేపటికే కుడి బూటు నోరు తెరిచింది. తాడుతో కట్టాను. ఎడమది కూడా తెరిచింది. నా పక్కన నడుస్తున్నవాడు మా ఊరి గొర్ల కాపరి కొడుకు, కాలేజీలో నా బెంచీవాడే. వాడికి పండగైంది.

"దొరా, లారీ ఎక్కరాదు? గదీ మేనా లెక్కనే ఉంటది. మేమే మోస్తలేం, గంతే."

వాడు అలా అనకపోతే ఎక్కేవాణ్ణేమో. బూట్లు విప్పి చేతిలో పట్టుకున్నాను. తాతవి, పారేయలేను. వట్టి కాళ్ళకు మొరం, ఎండ, తుమ్మముళ్ళు. మధ్యాహ్నం దాటాక అడ్డదారి నేరుగా మా ఊళ్ళోకి దించింది. మా గడి ముందుకే.

ఆ గడి ముందు ఒకప్పుడు ఎవరూ చెప్పులతో నడిచేవారు కాదు. విప్పి చేతిలో పట్టుకుని, వంగి పోయేవారు. ఇప్పుడు మా అరుగు మీదే కూర్చుని ఒక ముసలవ్వ మక్కకంకులు ఒలుస్తోంది. ఎండకు కళ్ళమీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"ఎవలు, చిన్నదొరనా? బూట్లు చేతులవట్టుకొని పోతున్నవేంది?"

వరుస మొత్తం చెవులు రిక్కించింది.

"గడి ముందర పోతున్న గద అవ్వా," అన్నాను.

అవ్వ బోసినోటితో విరగబడి నవ్వింది. "మేం నడుము సుత వంచేటోళ్లం బిడ్డా. నువ్వింక నేర్వలే."

ఉస్తాద్‌తో సహా అందరూ నవ్వారు. నేను మెడ తిప్పకుండా నడిచాను. గుడారాలు చేరేదాకా అలాగే నడిచాను. లారీ ఖాళీగానే వచ్చింది.

నన్ను ఎంపికకు పంపారు. అక్కడ ఇచ్చిన బూట్లు ఎవరు విడిచినవో అడగలేదు. వేసుకున్నాను. లేసు కట్టుకోవాలంటే మాత్రం వంగాలి. కాలు బల్ల మీద పెట్టి కట్టుకున్నాను.