వరలక్ష్మి మేడమ్ కోపం

ఈ ఉదయం గవర్నర్‌పేటలో ఆటో కోసం నిలబడి ఉంటే, మైకు కట్టిన వ్యాను ఒకటి చెవులు అదిరేలా అరుస్తూ నా ముందు నుంచి వెళ్లింది. ఏదో కాలేజీ అడ్మిషన్ల ప్రచారం. తమ దగ్గర భవిష్యత్తు ఉన్న కోర్సులు మాత్రమే ఉన్నాయట. ఒళ్లు మండిపోయింది. డిగ్రీలో నాకు లెక్కలు చెప్పిన వరలక్ష్మి మేడమ్ పక్కన ఉంటే ఆ వ్యాను ఆపించి మరీ నిలదీసేవారు.

మేడమ్ పొట్టిగా, బక్కపల్చగా ఉండేవారు. గొంతు మాత్రం వరండా చివరిదాకా వినిపించేది. లెక్క తప్పు చేస్తే ఆమెకు కోపం వచ్చేది కాదు. ఎక్కడ తప్పామో మేమే కనిపెట్టేదాకా ఓపిగ్గా నిలబడేవారు. ఎవరి చదువునైనా ఎవరైనా చులకన చేస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. మైలవరం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటూ చదువుకున్న నాకు లెక్కలంటే ప్రాణం. హాస్టల్ గదిలో నా పక్క మంచం నాగమణిది. పెడనలో మగ్గం నేసే కుటుంబం వాళ్లది. బీఏ హిస్టరీ చదివేది.

నాకు చరిత్ర అంటే ఆవలింతలే. అయినా ఒక ఆదివారం ఆమె బలవంతం మీద కంకిపాడు దగ్గర ఒక పల్లెకు వెళ్లాను. పశువుల కొట్టం పక్కన సగం విరిగిన శాసనం రాయి పడి ఉంది. నాగమణి దాన్ని కడిగి, తుడిచి, అక్షరాల గాడుల్లో బియ్యప్పిండి రుద్దింది. తెల్లగా తేలిన గీతల మీద వేలు ఆనించి, కూడబలుక్కుంటూ ఒక ఊరి పేరు చదివింది. అప్పుడు ఆమె ముఖం చూశాను. చిక్కుముడి లెక్క తేలిన క్షణంలో నా లోపల ఏం జరుగుతుందో అదే ఆ ముఖంలో ఉంది. నాకు ఆ రాయి రాయిగానే కనిపించింది. ఆమెకు అలా కాదని మాత్రం బాగా అర్థమైంది.

ఆ వేసవిలోనే బీఏ ఎత్తేస్తున్నామని కరస్పాండెంట్ ప్రకటించాడు. మధ్యలో ఉన్నవాళ్లు బీకామ్‌కు మారాలట, లేదంటే టీసీ తీసుకుని వెళ్లాలట. మా క్లాసులో ఒకడు, బీఏ వాళ్లకు ఇన్నాళ్లకు విముక్తి దొరికిందని జోకు వేశాడు. మేడమ్ సుద్దముక్క కింద పెట్టి బయటికి నడిచారు. తిరిగి వచ్చినప్పుడు నాగమణి ఆమె వెంట ఉంది. ఆ గంట ఆమెదని చెప్పి మేడమ్ వెనక బెంచీలో కూర్చున్నారు.

నాగమణి మొదట తడబడింది. తర్వాత బోర్డు మీద పాత అక్షరాలు గీసింది. పద్యంలో ఉన్న శాసనం విరిగిపోతే, పోయిన అక్షరాలను ఛందస్సు పట్టుకుని ఎలా ఊహిస్తారో చెప్పింది. జోకు వేసిన కుర్రాడే, ఇది కూడా లెక్కలాంటిదే కదా మేడమ్ అన్నాడు మెచ్చుకోలుగా. మేడమ్ ముఖం ఎర్రబడింది.

"లెక్కలాంటిది కాబట్టి గొప్పదా? దాని గొప్ప దానిదిరా. నీకు అర్థమైనా కాకపోయినా."

మర్నాడు మా ఇద్దరినీ వెంటబెట్టుకుని ఆమె కరస్పాండెంట్ గదిలోకి వెళ్లారు. ఆయన నాగమణి వైపు చూడనైనా చూడలేదు.

"మీ మ్యాథ్స్ గ్రూపుకి ఏ ఢోకా లేదు కదండీ. మీకెందుకండీ ఈ గొడవ?"

"హిస్టరీ పుస్తకం తెరిస్తే నాకు నిద్రొస్తుందండీ. అది నాలో లోటు. నాకు నిద్రొస్తుందని ఈ పిల్ల చదువు ఆపేస్తారా?"

"చదివి ఏం చేస్తుందండీ?"

"ఇష్టంగా చదువుతుందండీ. కాలేజీ పెట్టింది అందుకేననుకున్నాను."

బీఏ పిల్లలను కదిలిస్తే తాను పాఠం చెప్పనని కూడా అక్కడే తేల్చి చెప్పారు. దాంతో వాళ్లు ఆ కాలేజీలోనే బీఏ పూర్తి చేయగలిగారు. కొత్తవాళ్లను మాత్రం చేర్చుకోలేదు. ఆ తర్వాతి ఏడాది కాలేజీ తెరిచేసరికి మేడమ్ ఉద్యోగం లేదు. కారణం అడగడానికి వెళ్లిన మమ్మల్ని, ముందు మీ చదువు చూసుకోండి అని కరస్పాండెంట్ పంపేశాడు. ఆమె కంకిపాడులో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పుకుంటూ గడిపారు. నాగమణి ఇప్పుడు శాసనాల మీదే పరిశోధన చేస్తోంది. అది చూపించి, చివరికి మీ మేడమే గెలిచారు కదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను. ఆమెను తీసేసినవాళ్లు హాయిగా ఉన్నారు. ఆ గ్రూపు మళ్లీ తెరుచుకోలేదు. ఇన్నేళ్లయినా నా కోపం చల్లారలేదు, చల్లారాలని కూడా నాకు లేదు.

ఇప్పుడు నేనూ లెక్కలే చెబుతున్నాను. మొన్న ఒక తండ్రి తన కూతుర్ని స్టాఫ్‌రూమ్‌కు తీసుకొచ్చాడు. లెక్కల్లో మంచి మార్కులొచ్చే పిల్ల, కొల్లేటి పక్షుల గురించి చదువుతానని మొండికేస్తోందట. కాస్త బుద్ధి చెప్పమన్నాడు. పక్షుల గురించి నాకేమీ తెలియదు, తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా. చెప్పమ్మా అన్నాను ఆ అమ్మాయితో. ఆమె నేల చూపులు చూస్తూ మొదలుపెట్టి, కాసేపటికి చేతులు రెక్కల్లా ఊపుతూ చెప్పసాగింది. తండ్రి విసుగ్గా లేవబోయాడు.

"కూర్చోండి. ఇంకా అయిపోలేదు" అన్నాను.

గొంతు గట్టిగానే వచ్చినట్టుంది. వరండాలో వెళ్తున్నవాళ్లు ఆగి చూశారు. ఆయన కూర్చున్నాడు.