కొండరాజు వాల్డీస్

వాల్డీస్ గురించి ఎవరైనా రాయాలంటే నేనే రాయాలి. ఈ లోయలో ఆమెను అందరికంటే ఎక్కువగా విసుక్కున్నవాణ్ని నేను. నా పేరు ఆస్‌గ్రీముర్. ఇరవై ఆరేళ్లు ఇక్కడ కొండరాజుగా చేశాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆవిడ కనపడ్డవాళ్లందరికీ చెబుతుంది. అది అబద్ధమని నేనెప్పుడూ అనలేదు.

ఐస్‌లాండు ఉత్తరాన మా లోయలో గొర్రెల్ని జూన్‌లో కొండబీళ్ల మీదికి వదిలేస్తాం. వేసవంతా వాటి ఇష్టం, వాటి రాజ్యం. సెప్టెంబరులో ముప్పై మందిమి గుర్రాలెక్కి, బీడుకు అడ్డంగా బారు తీరి, మూడు రోజుల పాటు వాటిని కిందికి తోలుకొస్తాం. ఎవరు ఏ గుట్ట ఎక్కాలి, ఎవరు ఏ వాగు దగ్గర కాపు కాయాలి, బారు ఎప్పుడు కదలాలి అన్నది ఒక్కరే చెబుతారు. ఆ ఒక్కరినే కొండరాజు అంటాం. ఇంట్లో అతని మాట కుక్క కూడా వినకపోవచ్చు. కొండ మీద మాత్రం అతను చెప్పిందే మాట.

వాల్డీస్ ఈ లోయలో పుట్టిన మనిషి కాదు. రేవు పట్నంలో చేపల ఫ్యాక్టరీలో పనిచేసేది. ఇరవై నాలుగో ఏట మా ఊరి కుర్రాణ్ని పెళ్లాడి ఇటొచ్చింది. బడి బస్సు నడిపేది. సెప్టెంబరు వస్తే మాతో పాటు కొండ మీది రేకుల గుడిసెకు వచ్చి వండిపెట్టేది. వానలో తడిసి ముద్దయి వచ్చినవాళ్లకు ఆమె చేసిన గొర్రెమాంసం పులుసు గొంతు దిగితే ప్రాణం లేచొచ్చేది. పదకొండేళ్లు ఆ పులుసు తిన్నాం, బాగుందన్నాం, గిన్నెలు ఆమె ముందు పెట్టి లేచిపోయాం. అంతకుమించి ఆమె గురించి ఎవరమూ ఆలోచించలేదు.

పన్నెండో ఏడు గరిటె పట్టుకునే నా పక్కకొచ్చి నిలబడింది.

"పెద్దాయనా, నల్లవాగు దగ్గర మనిషిని చివరిదాకా కదలనివ్వరెందుకు?"

"పులుసులో ఉప్పు చూసుకో అమ్మాయ్."

"చూశాను. సరిపోయింది. ఇక చెప్పండి."

ఒళ్లు మండింది నాకు. అయినా ఎలాగో చెప్పాను. వాగు లోపల రెండు మలుపులున్నాయి, గొర్రెలు అక్కడ నక్కుతాయి, బారు దాటిపోగానే మళ్లీ పైకి పోతాయి, అందుకని. ఆమె ఆ మాట బస్సు కాగితం వెనకాల రాసుకుంది. మర్నాడు ఇంకొకటి అడిగింది. మూడో రోజు ఆమెను చూడగానే నేను గుర్రం తిప్పుకుని ఇంకోవైపు పోయాను.

నేను చెప్పనప్పుడు తనే వెళ్లి చూడటం మొదలుపెట్టింది. వేసవిలో బడికి సెలవులు. డబ్బాలో ఎండు చేప, వెన్న పెట్టుకుని గుర్రమెక్కి ఒక్కతే బీళ్ల మీదికి పోయేది. ఒక వేసవి ఊబిలో గుర్రం కూలబడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది. కట్టు విప్పిన వారానికే మళ్లీ పోయింది. వాళ్లాయన నా దగ్గరికొచ్చి గోల పెట్టాడు. "మీరైనా చెప్పండి. నీకెందుకే ఇదంతా అంటే, 'ఎవరో వచ్చి నేర్పుతారని కూచుంటే నేను ముసలిదాన్నవుతాను' అంటోంది."

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను. ఆమెకు కొండ నేర్పింది నేనేనని ఊళ్లో అంటుంటారు, నేనూ మీసం దువ్వుకుంటూ తలూపుతుంటాను. నేను నేర్పలేదు. ఆమె అడిగింది, నేను తప్పించుకు తిరిగాను. నేర్చుకున్నదంతా ఆమె సొంత కష్టం.

ఆ తర్వాతి సంవత్సరం బారులో చోటివ్వమంది. బుద్ధి వస్తుందిలే అని ఎవరూ పోని ఊబి అంచు ఇచ్చాను. సాయంత్రానికి నడుము దాకా బురదతో వచ్చింది. ముందు పదకొండు గొర్రెలు. అక్కడ గొర్రెలుంటాయని నాకే తెలియదు!

"అదృష్టం నీది," అన్నాను.

"అదృష్టమేం కాదు. జూలైలో రెండు రోజులు అక్కడే గుడారం వేసుకుని చూశాను."

నేను ఇంకో కప్పు కాఫీ పోసుకున్నాను.

అలా ఆరేళ్లు తిరిగింది. ఆ తర్వాత నా తుంటి అరిగిపోయింది. డాక్టరు ఇక గుర్రం ఎక్కొద్దన్నాడు. కొత్త కొండరాజును ఎన్నుకోవడానికి ఊరంతా సంఘం హాల్లో కూడింది. "ఎవరు చేస్తారు?" అని అధ్యక్షుడు అడిగితే ఒక్కరూ తలెత్తలేదు. అందరికీ కాఫీ కప్పుల్లో ఏదో కనపడుతున్నట్టుంది. గొర్రెలు తప్పిపోతే మాట పడేది కొండరాజే కదా.

వాల్డీస్ లేచి నిలబడింది. "నేను చేస్తాను."

కోల్‌బేన్ అని మా లోయలో పెద్ద మంద ఉన్నవాడు, నోరు అంతకంటే పెద్దది, వెనక నుంచి అరిచాడు. "మరి పులుసెవరు వండుతారు?"

హాలంతా నవ్వు. వాల్డీస్ కూడా నవ్వి అటు తిరిగింది. "నువ్వే కోల్‌బేన్. ఎలా వండాలో రాసిస్తాను. చదవడం వచ్చుగా?"

ఈసారి నవ్వుకు హాలు పైకప్పు ఎగిరిపోయిందనుకున్నాను. కోల్‌బేన్ చెవులు ఎర్రబడ్డాయి. ఓట్లు వేశారు, ఆమె గెలిచింది. నేను చెయ్యెత్తలేదు. నొప్పిగా ఉందన్నాను. నొప్పి తుంటిలో, చేతిలో కాదు.

కొండరాజుగా ఆమె మొదటి సెప్టెంబరు. రెండో రోజు పొద్దున్నే పొగమంచు దిగింది. మూడు రోజుల్లో మంచు తుఫాను అని రేడియో చెబుతోంది. తుఫాను ముందే వస్తే మందంతా కొండ మీదే కూరుకుపోతుంది. నల్లవాగు దగ్గర మా బడి పంతులు కాపు కాస్తున్నాడు, నెమ్మదస్తుడు. వాల్డీస్ పొగమంచులోనే గుర్రం మీద అతని దగ్గరికి పోయి, "కదలండి, బారు దిగుతోంది," అంది.

"లోపలి మలుపులు ఇంకా చూడలేదమ్మా," అన్నాడాయన.

"టైము లేదు. కదలండి."

కదిలాడు. బారు దిగింది. మూడో రోజు మధ్యాహ్నానికి మంద ఊరి దొడ్డికి చేరింది.

మా దొడ్డి బండిచక్రంలా ఉంటుంది. నడుమ మంద, చుట్టూ చక్రపు ఆకుల్లాంటి గోడల మధ్య ఇంటికొక గది. చెవి గుర్తు చూసి కొమ్ములు పట్టి ఎవరి గొర్రెల్ని వాళ్లు తమ గదిలోకి లాక్కుపోతారు. ఊరంతా అక్కడే. నేను కర్ర పట్టుకుని గోడకు ఆనుకుని చూస్తున్నాను. సాయంత్రానికి నడుమ దొడ్డి ఖాళీ అయింది. అందరి గదులూ నిండాయి. కోల్‌బేన్‌కు ముప్పై ఏడు తక్కువ.

నల్లవాగు పైన మేసేవి అతని గొర్రెలే. అందరికీ అర్థమైపోయింది.

"వాగు దగ్గర నిలబడిందెవరు?" కోల్‌బేన్ గొంతు దొడ్డంతా మోగింది. "పంతులేనా? పుస్తకం చదువుకుంటూ కూచున్నావా అక్కడ? రెండు రోజుల్లో తుఫాను! నా గొర్రెలు పైన చావాల్సిందేనా?"

పంతులు ముఖం తెల్లబోయింది. నోరు తెరవబోయి వాల్డీస్ వంక చూసి ఊరుకున్నాడు. మా దగ్గర ఇదొక అలవాటు. గొర్రెలు ఏ సందులోంచి జారితే ఆ సందులో నిలబడ్డవాడిదే తప్పు. కొండరాజును ఎవరూ ఏమీ అనరు. ఆమె గమ్మున ఉంటే చాలు, బతికిపోయేది. ఆ పొగమంచులో వాళ్లిద్దరి మాటలు విన్నవాడు లేడు.

వాల్డీస్ దొడ్డి గోడెక్కి నిలబడింది.

"పంతులుగారు కదలనన్నారు. వాగు లోపల చూడాలన్నారు. కదలమన్నది నేను. తుఫానుకు భయపడి తొందరపడ్డాను. తప్పు నాది, ఆయనది కాదు. రేపు పొద్దున నేను పైకి పోతున్నాను. తోడు ఎవరైనా వస్తే సంతోషం, రాకపోయినా పోతాను."

తల కొట్టేసినట్టయింది నాకు. అవమానం ఆమెకు కాదు, నాకు. ఎందుకో చెబుతాను. పద్దెనిమిదేళ్ల కిందట అదే వాగు, అదే పొగమంచు. కాపు కాస్తున్న ఎయ్‌విందుర్‌ను ముందే కిందికి రమ్మన్నది నేను. ఇరవై గొర్రెలు పోతే, అతను నిద్రపోయాడని ఊళ్లో చెప్పిందీ నేనే. నా మాట కాదనేవాడెవడు? ఆ ఏటి నుంచి ఎయ్‌విందుర్ కొండెక్కలేదు. దొడ్డి దగ్గరికి వస్తాడు, తన గొర్రెలు లాక్కుంటాడు, ఎవరితోనూ మాట్లాడకుండా పోతాడు. నిన్నకాక మొన్న కొండరాజైన ఆడమనిషి, ఎవరూ అడగకముందే, ఊరందరి ముందూ తప్పు నాది అంటోంది. ఇరవై ఆరేళ్లలో ఆ రెండు మాటలు నా నోటి నుంచి ఒక్కసారి రాలేదు.

కుంటుకుంటూ ఎయ్‌విందుర్ గది దగ్గరికి పోయాను. ఒక గొర్రె కొమ్ములు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఎయ్‌విందుర్, ఆ ఏడు నువ్వు నిద్రపోలేదు. నేనే రమ్మన్నాను."

అతను నా వంక చూడను కూడా చూడలేదు. "నాకు చెబుతావేం? నాకు తెలియదా? వాళ్లకు చెప్పు."

చెప్పాను. గోడెక్కే ఓపిక లేదు, కర్ర ఊతంతో నిలబడి గట్టిగా చెప్పాను. దాచుకోను, కళ్లు తడిశాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, కొట్టాల్సిన పని కూడా కాదది. మా ఆవిడ మాత్రం వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

ఎయ్‌విందుర్ గొర్రెను వదిలేసి వాల్డీస్ దగ్గరికి నడిచాడు. "ఆ పైన రెండో మలుపు వెనకాల ఒక గుంట ఉంది. అందులో ఉంటాయవి. నేనొస్తాను."

"నేను కూడా," అన్నాడు పంతులు.

తెల్లారి ముగ్గురూ రెండు కుక్కల్తో పోయారు. ఆ రోజంతా, మర్నాడంతా నేను వంటింటి కిటికీ వదల్లేదు. రేడియో గంట గంటకూ తుఫాను మాటే చెబుతోంది. ఆ గొర్రెలు దిగకపోతే ఆమెను ఇంకో ఏడు కొండెక్కనివ్వరని నాకు తెలుసు. నేను చెయ్యెత్తని మనిషి కోసం నేనే దేవుణ్ని వేడుకున్నాను! రెండో రోజు మూడు గంటలకు, మొదటి మంచు రాలుతుండగా, వాళ్లు దిగి వచ్చారు.

దొడ్డిలో కోల్‌బేన్ ఒక్కొక్కదాని చెవి పట్టి చూశాడు. ముప్పై ఐదు.

"రెండు దొరకలేదు," అంది వాల్డీస్. పెదవులు పగిలి, నిద్రలేక కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. "అడుగుజాడలు ఏటి ఒడ్డు దాకా ఉన్నాయి, తర్వాత లేవు. నా మందలోంచి రెండు తోలుకుపో."

కోల్‌బేన్ టోపీ తీసి మంచు దులిపి మళ్లీ పెట్టుకున్నాడు.

"నీ గొర్రెలు నాకెందుకు? వచ్చే ఏడు పైన నువ్వేగా ఉండేది?"

"ఊరు ఒప్పుకుంటే."

"ఊరి సంగతి నేను చూసుకుంటాను. బారులో నన్నెక్కడ పెడతావో అది చెప్పు."

అతను ఏటా నా దగ్గర గొడవపడి బండిబాట పక్కన సులువైన చోటు సంపాదించుకునేవాడు. వాల్డీస్‌కు అది తెలుసు. "నీకెక్కడ కావాలి?" అంది.

"నల్లవాగు దగ్గర పెట్టు. లోపల రెండు మలుపులూ చూడందే కదలను, నువ్వే వచ్చి చెప్పినా సరే."

"అలాంటివాడే కావాలి నాకు," అని ఆమె చెయ్యి చాపింది.

నేను గోడ ఇవతల నిలబడి విన్నాను. ఇరవై ఆరేళ్లలో ఆ చోటు తనకివ్వమని నన్ను అడిగినవాడు ఒక్కడూ లేడు. ఆమెకు మొదటి ఏడే దొరికాడు.